ఎనిమిదో బండ

నా చిన్నప్పుడు మా ఇంటికి వచ్చిన చుట్టాలకు మా జేజికి చూపు లేదన్న సంగతి ఒక పూట గడిస్తే గానీ తెలిసేది కాదు. జేజి అంటే మా నాయనకు అమ్మ. నేను పుట్టకముందే ఆమె రెండు కళ్లకూ పొరలు కమ్మాయట. అయినా తెల్లవారుతూనే పంచలో మంచం మీద నుంచి లేచి, చేతికర్ర లేకుండా, ఎవరినీ పిలవకుండా, ముంగిట్లో పరిచిన బండల మీదుగా కొట్టం దాకా నడిచిపోయి మా పాడి ఎనుము వీపు నిమిరి వచ్చేది. పంచ మెట్టు నుంచి కొట్టం వాకిలి దాకా పందొమ్మిది బండలు. మూడోదాని మీద గీత ఉంది, పన్నెండోదానికి మూల విరిగింది. అన్నీ ఆమె అరికాళ్లకు తెలుసు. నడుస్తూ నడుస్తూ ఆగి, "ఎవురే, చీపురు తొమ్మిదో బండ మింద పారేసినారు?" అని గదమాయించేది. మేము కళ్లున్నవాళ్లం పరుగెత్తుకొచ్చి తీసేవాళ్లం.

ఆ బండలు పరిచి అప్పటికి రెండేళ్లు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా నాయన ఏదో పని మీద కర్నూలు పోయి, అక్కడ పెద్ద పెద్ద ఇళ్ల ముందు నాపరాళ్లు పరిచి ఉండడం చూసొచ్చాడు. ఇక మా ముంగిలి మట్టిగా ఉండడం ఆయనకు మింగుడు పడలేదు. బనగానపల్లె దిక్కు నుంచి రెండు ఎద్దుల బండ్లలో రాళ్లు తెప్పించి, బండలు పరిచే మనిషి ఎందుకులే, మనకు చేతులు లేవా అని, ఇద్దరు జీతగాళ్లను పెట్టుకుని మూడు రోజుల్లో పరిచేశాడు. ఊళ్లో వాళ్లు వచ్చి చూసి మెచ్చుకుంటే నెల రోజులు ఆయన నేల మీద నడవలేదు, బండల మీదనే నడిచాడు.

ఇక నా సంగతి. నాకు తొమ్మిదేళ్లు. పొద్దున్నే అంట్లు తోమిన బూడిద నీళ్లను కొట్టం వెనక గోంగూర మడిలో పోసి రావడం నా పని. ఆ కడవ మోయడం నాకు చచ్చే చావుగా ఉండేది. ఒకరోజు దోవలో ఎనిమిదో బండ దగ్గర కాలు తట్టుకుని కొన్ని నీళ్లు ఒలికాయి. ఒలికిన నీళ్లు పక్కకు పారలేదు. బండకూ బండకూ మధ్య సందులోకి గుడగుడమని దిగిపోయాయి. ఇంకొన్ని పోశాను, అవీ పోయాయి. కడవంతా వంచాను, చుక్క కూడా పైన నిలవలేదు. దాహంతో ఉన్న గొడ్డు తాగినట్టు ఆ బండ తాగేసింది. నా ఆనందం అంతా ఇంతా కాదు. ఆ రోజు నుంచి గోంగూర మడికి నీళ్లు బంద్. అమ్మ వంటింట్లో ఉండేది, నాయన పొలం పోయేవాడు. పంచలో జేజి ఒక్కతే ఉండేది, ఆమెకు ఎటూ కనబడదు.

శివరాత్రికి మొదలుపెట్టిన పని ఉగాది దాకా సాగింది. అప్పటికి ఎనిమిదో బండ ఒక పక్కకు ఒరిగి, బెత్తెడు లోతుకు కుంగింది. గోంగూర ఎందుకు ఎండిపోతోందో అమ్మకు అర్థం కాలేదు. ఉగాది వెళ్లిన నాలుగో రోజు తెల్లవారుజామున జేజి ఆ బండ అంచుకు కాలు తట్టుకుని బోర్లా పడింది. మణికట్టు ఉబ్బి గుమ్మడికాయంత అయింది. కట్టు కట్టే ఆయన వచ్చి, ఎముక విరగలేదు గానీ ఈ వయసులో ఇంకోసారి పడితే లేవదని చెప్పి పోయాడు.

ఆ మాటతో మా నాయన బెదిరిపోయాడు. జేజి ఎవరి చేయీ పట్టుకోకుండా మంచం దిగకూడదన్నాడు. రెండు రోజులు చూసి, అదీ కుదరదని, బేస్తవారం బండి కట్టించి రాజంపేటలో మా పెదనాయన ఇంటికి పంపించేస్తానన్నాడు. అక్కడ ఇల్లు చిన్నది, చూసుకునే ఆడవాళ్లు నలుగురు ఉన్నారు. జేజి పెద్దగా గొడవ చేయలేదు. "ఆ ఇంటి నేల నాకు తెల్దు గదప్పా. ఆడ నేను మూట మాదిరి కూర్చోవాల్సిందే" అని మాత్రం అంది. నాయన తల తిప్పుకున్నాడు. నాకు మాత్రం ఆ రోజు నుంచి అన్నం గొంతు దిగితే ఒట్టు. ఆమెను ఇంట్లో నుంచి తోలేస్తున్నది నాయన కాదు, నేనూ నా కడవా అని నాకు తెలుసు. చెబుదామని నోరు తెరిచేదాన్ని, నాయన మీసం చూసి మూసేదాన్ని.

మంగళవారం నాయన బండల తాతకు కబురు పెట్టాడు. ఎనుము కూడా అదే దోవలో రావాలి, దాని కాలు విరిగితే మరీ కష్టమని ఆయన బాధ. బండల తాత పక్క ఊరి సాయిబు. జీవితమంతా నాపరాళ్లు చెక్కీ, పరిచీ, ఆయన వేళ్లు కూడా రాళ్ల రంగుకు తిరిగాయి. పిల్లలం బండల తాత అనేవాళ్లం, పెద్దలు సాయిబూ అనేవాళ్లు. నాయన ఆయనకు పనంతా తానే చెప్పేశాడు. బండ ఎత్తు, కింద ఇంత మన్ను వెయ్యి, మళ్లీ పరుచు, మధ్యాహ్నానికి అయిపోతుందన్నాడు. తాత అంతా విని, గడ్డపార కింద పెట్టి, ఈ బండల మీద ఎక్కువగా నడిచేది ఎవరని అడిగాడు. నాయన పంచలోకి చూశాడు.

తాత పోయి జేజి మంచం ముందు నిలబడ్డాడు. "అమ్మా, ఒకసారి లేచి నడువు. నేను పట్టుకోను, పక్కనే ఉంటా. యాడ గట్టిగా ఉండాదో, యాడ కింద ఉత్తగా ఉండాదో చెప్పు" అన్నాడు. నాయన వద్దని అడ్డం రాబోయాడు గానీ, జేజి అప్పటికే కాలు కింద పెట్టింది. అన్ని రోజుల తర్వాత ఆమెను ఎవరో పని అడిగారు. ఒక్కో బండ మీద నిలబడి, మడమతో తట్టి, "గట్టిది... గట్టిది" అంటూ పోయింది. ఏడో బండ దగ్గర ఆగి, "ఇది ఉత్తది" అంది. ఎనిమిది సరే, తొమ్మిది కూడా ఉత్తదే అంది. ఏడూ తొమ్మిదీ పైకి చక్కగా, బల్లపరుపుగా ఉన్నాయి. నాయన నమ్మక గడ్డపార మొనతో తట్టి చూశాడు. మిగతావన్నీ టంగుమన్నాయి, ఆ రెండూ కడవ మీద కొట్టినట్టు పలికాయి. తాత సుద్దతో గుర్తులు పెట్టుకున్నాడు.

బండ ఎత్తితే కింద నల్లటి బురద, కుళ్లిన పొట్టు వాసన. తాత చేతికర్ర గుచ్చితే మూరెడు లోతుకు దిగబడింది. జేజి ముక్కు ఎగబీల్చి, "పాతరప్పా అది. నీ పెండ్లికి జొన్నలు తీసింది దాంట్లో నుంచే గదా, మర్చిపోయినావా?" అంది. నాయన మొహం చూడాలి అప్పుడు. ధాన్యం దాచుకునే ఆ గుంతను తానే పూడ్చాడు. కొట్టంలో ఊడ్చిన చెత్త, జొన్న పొట్టు, పొలం నుంచి తెచ్చిన నల్లరేగడి మన్ను పడేసి, కర్నూలు ముచ్చట తీరే తొందరలో దాని మీద బండలు పరిచేశాడు. పొట్టు కుళ్లి అణిగింది, రేగడి ఎండకు కుంచించుకుపోయింది.

పైన నాలుగు తట్టల మన్ను కొట్టి మూసేయమన్నాడు నాయన, మాట తగ్గించి. తాత ఒప్పుకోలేదు. "పైపైన పూడిస్తే వానొస్తానే మళ్లా కూర్చుంటాది రెడ్డీ. కుళ్లిందంతా బయటికి తీయాల్సిందే. శానా పనే, అయినా ఒకసారే" అన్నాడు. తర్వాత ఆ బురద చేతిలోకి తీసుకుని, వాన పడి నాలుగు నెలలయింది, ఈ తడి ఎక్కడిదని అడిగాడు. నాయన తనకు తెలియదన్నాడు. నేను పంచ స్తంభం వెనక ఉన్నాను. జేజి కూడా పలకలేదు.

మధ్యాహ్నం దాకా తవ్వి పోశారు. కుళ్లిందంతా బయటికి తీయాల్సిందేనని తాత అన్న మాట నన్ను వదల్లేదు. ఎత్తి పోసేవన్నీ ఎత్తి పోస్తున్నారు, నాది మాత్రం లోపలే ఉంది. చివరికి గుంత అంచుకు పోయి నిలబడి, "నేనే పోసినా" అన్నాను. ఏడుపుతో మిగతాది ఎవరికీ అర్థం కాలేదు, మళ్లీ చెప్పాల్సి వచ్చింది. నాయన చెయ్యెత్తాడు. "ఆగప్పా, ఆ బిడ్డను చెప్పనీ" అంది పంచలో నుంచి జేజి.

బండల తాత గుంతలో నుంచే తలెత్తి, ఎన్నాళ్ల నుంచి, దినానికి ఎన్ని కడవలు అని అడిగాడు. శివరాత్రి నుంచి, ఒక్కో కడవ అన్నాను. ఆయన నన్ను తిట్టలేదు, పోనీలే అని కూడా అనలేదు. "నీళ్లు పోయకున్నా ఇది కుంగేదే పాపా. పోయబట్టి బిరీన కుంగింది. రెండూ నిజమే" అన్నాడు. తర్వాత అన్ని నీళ్లు ఈ గుంతలోనే పట్టవని ఏదో లెక్క వేసుకుని, బండల పక్కనే సాగే పంచ గోడ వైపు తవ్వడం మొదలుపెట్టాడు. మూరెడు లోపల గోడ పునాది కింద మన్ను కూడా నాని, పిండిలా చేతికి వచ్చింది. ఆ గోడను ఆనుకునే జేజి మంచం. తాత నాయన వైపు తిరిగి, "ఈ పిల్ల చెప్పకుంటే నేను ఈ పక్క చూసేవాణ్ణి కాదు. వానల్లో గోడ కూర్చునేది" అన్నాడు. నాయన ఎత్తిన చెయ్యి ఎప్పుడు దించాడో నేను చూడలేదు. ఆ చెయ్యే కాసేపటికి నా తల మీద పడింది, మెల్లగా. నాకు అప్పుడు ఊపిరి ఆడింది. అప్పటికప్పుడే ఆకలేసింది.

రెండు రోజులు పట్టింది. గోడ కిందికి రాళ్లూ సున్నమూ దట్టించారు. గుంతలోకి ఎర్రటి గరుసు మన్ను జానెడు జానెడు పోసి, నీళ్లు చల్లి, గట్టిపడేదాకా దిమ్మిసతో కొట్టారు. చివర్లో బండలు మూడూ పరిచి, తాత వాటిని పక్క బండల కంటే వేలెడు ఎత్తులో ఉంచాడు. జేజి నడిచి, అక్కడ ఆగి, "ఎత్తుగా ఉండాయే సాయిబూ!" అంది. "వానలకు సర్దుకుంటాయిలేమ్మా. అందాకా కాలు కొంచెం ఎత్తి పెట్టు" అన్నాడాయన. ఆమె కాలెత్తి పెట్టి, కొట్టం దాకా పోయి, ఎనుమును పలకరించి తిరిగి వచ్చింది. ఆమె ఎక్కడా తడబడలేదు. నాయన గడప మీద కూర్చుని కండువాతో మొహం తుడుచుకున్నాడు. బేస్తవారం బండి కట్టలేదు. ఆ ఏడు రెండు మంచి వానలు పడ్డాక మూడు బండలూ మిగతావాటితో సమంగా కూర్చున్నాయి. జేజి ఇంకా ఏడేళ్లు వాటి మీద నడిచింది.

శుక్రవారం పొద్దున నేను కడవ ఎత్తుకుని, ఎక్కడా ఆగకుండా గోంగూర మడి దాకా పోయి పోసి వచ్చాను. పంచ దగ్గరికి రాగానే జేజి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. "ఈ పొద్దు నీళ్ల సప్పుడు కొట్టం ఎనకాల ఇనబడిందే" అంది. అన్నాళ్లూ ఆ గుడగుడ ఆమె వింటూనే ఉంది. పడ్డ రోజు కూడా ఆమెకు తెలుసు, రాజంపేటకు మూట కట్టిన రోజు కూడా తెలుసు. మరి నాయనకు ఎందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వే చెప్తావని చూస్తాంటి" అంది, ఎప్పటిలాగే ఎటో చూస్తూ.

ఇప్పుడు నాకు ఆమె వయసు వచ్చింది. నా ఇంట్లో గ్లాసు పగిలినా, పాలు పొంగినా, చేసిన పిల్ల ఎవరో నాకు చప్పుడును బట్టి తెలిసిపోతుంది. అడగను. తలుపు దగ్గర, నా పక్కన కాస్త చోటు ఉంచి కూర్చుంటాను, వచ్చి చెప్పేదాకా.