తెర మీద ఎడంచేతి హారతి

సినిమావాళ్లు ఫోన్ చేసిన రోజు నుంచే మా బాబాయికి అనుమానం. ఆయన మండపేట చుట్టుపక్కల పెళ్లిళ్లు, గృహప్రవేశాలు చేయించే పురోహితుడు. గుహలో లక్ష్మీనరసింహస్వామి, ఆ స్వామిని వెతుక్కుంటూ సాహసాలు చేసే హీరో, హారతిచ్చే పూజారి వేషం మీదేనండి అన్నారట.

"వాళ్లకి నిజం పూజారి దేనికిరా? ఏదో తిరకాసుంది," అన్నాడు బాబాయి. అంటూనే పట్టుపంచె ఇస్త్రీకిచ్చాడు.

సినిమా రిలీజయ్యాక నన్ను తోడు తీసుకుని రాజమండ్రి వెళ్లాడు. చూడ్డానికి బ్రహ్మాండంగానే ఉందండి. జలపాతం కిందనుంచి పైకి పారుతుంది. హీరో దానిమీద నడుచుకుంటూ పైకెళ్లి లోయలోకి దూకుతాడు, క్రాపు చెదరదు. భక్తి అంటే అదీ. గుహ తెరుచుకుని బంగారు వెలుగులో స్వామి కనబడగానే హాల్లో సగంమంది చెప్పులు విప్పేశారు. నా పక్కాయన పాప్‌కార్న్ ఒళ్లో పెట్టుకుని మరీ దణ్ణం పెట్టాడు. అంతలో తెర నిండా మా బాబాయి.

నేను ఈల వెయ్యబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఒరేయ్, ఆ జంధ్యం చూడరా."

జంధ్యం కుడి భుజం మీదుంది. తద్దినాల్లో వేసుకునే తీరది. పైగా హారతి ఎడం చేత్తో ఇస్తున్నాడు.

"నేనలా చెయ్యలేదురా."

"లైట్ల కంగార్లో చేసుంటావులే బాబాయ్."

"కంగారైతే అన్నం ఎడంచేత్తో తింటానా?"

హాలంతా ఆ హారతి కళ్లకద్దుకుంటుంటే, బాబాయి ఒక్కడూ చేతులు కట్టుకుని తనని తానే అనుమానంగా చూసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి వరండాలో మామ్మగారొకరు కూర్చుని ఉన్నారు. మనవరాలి పెళ్లికి బాబాయిని మాట్లాడుకున్న రైసుమిల్లువాళ్ల పెద్దావిడ. పొద్దుటాట చూసొచ్చారట.

"పంతులుగారూ, మా పిల్ల పెళ్లీ అలాగే చేయిస్తారాండి? అయితే వేరే ఆయన్ని చూసుకుంటాం."

ఈ మాట బయటికి పాకితే బాబాయిని ఇక ఏ పెళ్లికీ పిలవరు. నేను ఫోన్లో ట్రైలర్ పెట్టి, బాబాయి కనబడ్డచోట ఆపాను.

"మామ్మగారూ, మా బాబాయికి పుట్టుమచ్చ ఏ బుగ్గనుందండి?"

"కుడి బుగ్గన."

"మరి ఇందులో?"

ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఫోన్నీ బాబాయినీ మార్చి మార్చి చూశారు. "ఎడం బుగ్గనుందేంటి?"

"బొమ్మని అద్దంలోలా తిప్పేశారండి. హీరో అటునుంచొస్తే బాగుంటాడని కాబోలు. స్వామి ఎడమ తొడ మీదుండాల్సిన అమ్మవారు కూడా కుడి తొడ మీదకి మారింది, చూడండి."

ఆవిడ లెంపలేసుకున్నారు. అమ్మవారి కోసం, బాబాయి కోసం కాదు. "సరే, చూద్దాం లెండి," అని లేచారు.

పెళ్లి బాబాయే చేయించాడు. జీలకర్రా బెల్లం పెట్టేటప్పుడు అందరూ పెళ్లికూతుర్ని చూస్తుంటే, ముందు వరసలో మామ్మగారు మాత్రం బాబాయి భుజాలకేసే చూస్తున్నారు. అప్పుడే ఆయన కుడి భుజం మీద దోమ వాలింది. కొట్టడానికి ఎడం చెయ్యి ఎత్తబోయి, ఆవిడ వైపు ఓసారి చూసి, మంత్రం ఆపకుండా దాన్ని కుట్టనిచ్చాడు.