ఒకటో తరగతిలో హిజాబు బేరం

ఇరవై ఇద్దరు ఒకటో తరగతి పిల్లల ముందు పది నిమిషాల్లో దివాలా తీసిన మనిషిని మీరు చూసి ఉండరు. ఆ మనిషిని నేనే. నాలుగేళ్ల కిందట, అమెరికాలో, అరిజోనాలోని చాండ్లర్‌లో, పట్టపగలు, ఇస్త్రీ చేసిన నీలం హిజాబుతో సహా నిండా మునిగాను.

ముందు నా పుట్టింటి గురించి చెప్పాలి. తప్పంతా వాళ్లదే. (నా తప్పుల్ని పుట్టింటి మీదికి నెట్టడం నాకు మొదటి నుంచీ అలవాటు.) మాది చీరాల. నాన్నది బట్టల కొట్టు, పక్కది బాబాయిది, ఎదురుది మేనమామది. అక్షరాల కంటే ముందు నేను నేర్చుకున్న సూత్రం ఒకటుంది: గిరాకీ రాగానే మేలురకం తీయకూడదు. ముందు నాసిరకం బట్ట తాను పరచాలి. వాళ్లు పెదవి విరిచాక ఇంకాస్త మంచిది చూపించాలి. అదీ నచ్చలేదన్నాక, పై అరలో దాచిన అసలు సరుకుని, కన్నబిడ్డని అత్తారింటికి పంపుతున్నంత దిగులుగా కిందికి దించాలి. పెళ్లిచూపుల్లో కూడా నేను ఇదే పద్ధతి పాటించి, నా మంచి గుణాలన్నీ చివరికి దాచాను. పన్నెండేళ్లయింది, మా ఆయన ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు.

ఒకరోజు మా జోయా బడి నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా నిలబడింది.

"అమ్మా, నీకు అసలు హెయిర్ లేదని హార్పర్ చెప్పింది. అందరూ నవ్వారు. నేను ఉందంటే ఎవరూ నమ్మలేదు."

హార్పర్ అంటే ముందు పళ్లు రెండూ ఊడిన పిల్ల. ఆ క్లాసులో ఆవిడ మాటే చట్టం.

"నువ్వు వచ్చి హిజాబ్ ఎందుకు వేసుకుంటావో చెప్తావా? టీచర్ ఓకే అంది. టెన్ మినిట్స్."

"పదేంటే? అరగంట అడగాల్సింది!"

"అమ్మా, ప్లీజ్. బార్గెయిన్ చేయకు. జస్ట్ నిజం చెప్పు."

నేను చెప్పేసి ఇంటికొచ్చేస్తాను. ఆ నవ్విన వాళ్ల మధ్య రోజూ కూర్చోవాల్సింది అదే కదా.

నిజమేమో చాలా చిన్నది. మా అమ్మ చీర కొంగు తల మీదికి లాక్కునేది. నేను ఇరవై రెండేళ్ల వయసులో, ఎవరూ చెప్పకుండానే, అల్లాకి ఇష్టమని నమ్మి, నాకూ ఇష్టమై హిజాబు మొదలుపెట్టాను. అంతే. కానీ మీరే చెప్పండి, మేలురకం సరుకుని మొదటి నిమిషంలోనే ఎవరైనా బల్ల మీద పెడతారా?

అందుకని తొమ్మిది రంగుల హిజాబులు పట్టుకెళ్లి, క్లాసులో తివాచీ మీద ఒక్కొక్కటే విసిరి పరిచాను. పిల్లలు "వావ్" అన్నారు. నాలోని చీరాల లేచి కూర్చుంది.

"పిల్లలూ! అరిజోనా ఎండ తెలుసుగా? ఇది కట్టుకుంటే నెత్తి కాలదు!"

హార్పర్ చెయ్యెత్తింది. "ఇప్పుడు మనం లోపలే ఉన్నాం. ఏసీ ఉంది. తీసేయొచ్చుగా?"

నాసిరకం పోయింది. ఫర్వాలేదు, పోవడానికేగా పరిచింది. రెండో తాను విప్పాను.

"తల దువ్వుకునే పని లేదు. పొద్దున్నే ఎంత టైమ్ కలిసొస్తుందో!"

"ఆంటీ," అంది మా పై అపార్ట్‌మెంట్ కీర్తన, జోయాతో కలిసి వాళ్లమ్మ కారులో బడికి వెళ్లే పిల్ల, "మీరు పిన్నులు పెట్టుకునేదాకా మా మమ్మీ కింద హారన్ కొడుతూనే ఉంటుంది కదా?"

మనవాళ్లే ముంచుతారంటే నమ్మేదాన్ని కాదు. మూడోది విప్పాను.

"ఇదిగో, ఫోన్ ఇక్కడ దోపితే రెండు చేతులూ ఖాళీ!" అని చెవి దగ్గర హిజాబులోకి దోపి చూపించాను. అది జారి, టీచర్ కాఫీ కప్పులో తలకిందులుగా దిగింది.

ఆపైన దుకాణం నా చేతిలో లేదు. ఒకడు ఆకుపచ్చది మెడకి కట్టుకుని బల్లల మీంచి ఎగురుతున్నాడు. ఇద్దరు ఎర్రదాన్ని చెరో కొసా పట్టుకుని లాగుతున్నారు. టీచర్ ఫోన్ తుడుస్తూ "టూ మినిట్స్" అంది. అసలు సరుకు ఇంకా పై అరలోనే ఉంది!

హార్పర్ లేచి జడ్జిలా తేల్చింది. "అంటే ఎండ లేకపోతే, టైమ్ ఉంటే, ఫోన్ లేకపోతే మీకు ఇది అక్కర్లేదు."

జోయా గడ్డం ఛాతీకి ఆనించి కూర్చుని ఉంది. పాపం, దాని పరువు కూడా నాసిరకంలో కలిపి పరిచేశానే అనుకున్నాను.

అప్పుడు అది లేచింది. హోటల్లో ఆర్డర్ ఇచ్చేటప్పుడు కూడా నా వెనక దాక్కునే పిల్ల.

"మా అమ్మ చెప్పినవి అసలు రీజన్స్ కావు. మా అమ్మ దేవుడి కోసం వేసుకుంటుంది. అది ప్రేయర్ లాగా, కానీ రోజంతా. ఎవరూ వేసుకోమనలేదు, తనకి ఇష్టం. మా పిన్ని వేసుకోదు, అది తనిష్టం. నేను పెద్దయ్యాక నేనే డిసైడ్ చేసుకుంటా. అండ్ మా అమ్మకి హెయిర్ ఉంది. నడుం దాకా ఉంది."

హార్పర్ ఊడిన పళ్ల సందులో నాలుక ఆడించింది.

"ఓకే," అంది. "సారీ. స్నాక్‌కి నా పక్కన కూర్చుంటావా? మీ అమ్మ ఆ పర్పుల్‌ది ఎంతకి ఇస్తుంది?"

"అది అమ్మేది కాదు," అంది జోయా.

మూడు తరాల బట్టల వ్యాపారంలో మా ఇంటి నుంచి ఆ మాట వినపడటం అదే మొదలు. ఏడవాలో ఈల వేయాలో తెలియక, ఆ పర్పుల్‌దే ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి జరిగిందంతా ఏకరువు పెట్టాను. "నీ మనవరాలు నా బేరమంతా చెడగొట్టింది నాన్నా!"

"చెడగొట్టిందేంటే పిచ్చిదానా? రాగానే మేలురకం తీసి బల్ల మీద పెట్టింది. సరుకు మీద అంత నమ్మకం ఉండాలిగా అలా పెట్టాలంటే! నాకెప్పుడన్నా ఉందా? నీకుందా?" అన్నాడు నాన్న. ఆ గొంతులో ఉన్న గర్వం నేను పరీక్షలు పాసైనప్పుడు కూడా వినలేదు.

కాబట్టి సమస్త పాఠకుల సాక్షిగా, నెత్తి మీది హిజాబు తాకి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో, కారుకీ వంకాయలకీ బేరమాడేటప్పుడు తప్ప, ఎవరికీ నాసిరకం ముందు చూపించను. పాలపళ్లు ఊడే ఏడేళ్ల వాళ్లకి అసలే చూపించను.

ఈ ప్రమాణం జోయాకి చదివి వినిపించాను. శ్రద్ధగా విని, "గుడ్. నెక్స్ట్ టైమ్ కూడా నువ్వు క్లాస్‌కి రావచ్చు," అంది. "కానీ వెనక కూర్చో."