లాట్ నంబర్ నలభై అయిదు

పోర్టులో నా పని లెక్కపెట్టడం. ఓడలోంచి క్రేను ఎత్తి దించే ప్రతి వలలో ఎన్ని బస్తాలున్నాయో చూసి కాగితం మీద గీతలు గీయాలి. నాలుగు నిలువు గీతలు, అయిదోది వాటి మీదుగా అడ్డం. ఆ పని చేసేవాణ్ణి టాలీ గుమస్తా అంటారు. నేను ఎనిమిదో తరగతి దాటలేదు. భిన్నాలూ నిష్పత్తులూ అట్ట ఊడిన ఒక పాత పుస్తకం పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. అందుకే వాటి మీద ప్రేమ ఎక్కువ. ఏ మొత్తాన్నయినా పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి కూడితే తప్ప నాకు అన్నం సహించదు. నా టాలీ తప్పిందని ఓడల వాళ్ళు గాని, ఆఫీసు వాళ్ళు గాని అన్నది లేదు. నేను చేసిన పెద్ద తప్పు పోర్టు గేటు బయట, వన్ టౌన్‌లో మేము అద్దెకున్న ఇంటి మేడ మీద జరిగింది. అమెరికా వాళ్ళ పాతకాలపు పల్లెపాటలు నాకు పరిచయమైంది ఆ తప్పు వల్లనే.

డెబ్భైల చివరి మాట. ఓడల్లో పనికిరాదని తీసేసిన సామాను అమ్మే కొట్టొకటి మా సందు చివర ఉండేది. తాళ్ళు, లాంతర్లు, కాలు విరిగిన కుర్చీలు. మా ఆవిడ అన్న, అంటే నాకు బావ, అక్కడ ఒక చెక్కపెట్టె కొని భుజాన వేసుకుని మా ఇంటికొచ్చాడు. పెట్టె మూత తీసి, లోపలున్నవన్నీ మా అరుగు మీద గుమ్మరించాడు.

"ఏటి బావా ఇవి?" అన్నాను.

"నాకేటి తెలుసు? నాను పెట్టి కోసం కొన్నాను. మా కోడి పొదుగుతంది. ఈ పళ్ళేలు నువ్వుంచీసుకో."

"పళ్ళేలు కావు బావా, పాటల రికార్డులు."

"మరి మద్దిలో అంతేసి కన్నం ఏటి? ఎలకలు కొట్టీసినట్టున్నాయి."

కన్నం నిజంగానే పెద్దది. స్కేలు పెట్టి కొలిస్తే అంగుళన్నర. రికార్డులు పదకొండు, ఒక్కొక్కటి ఏడంగుళాలు. అన్నిటి మధ్యా అతికించిన గుండ్రటి కాగితం మీద ఇంగ్లీషులో ఏవేవో పేర్లు, వాటి పక్కన పెద్దగా 45 అని అంకె. పోర్టులో ఏ పెట్టె మీదైనా ఒక అంకె పెద్దదిగా ఉండి, అదే అంకె పక్క పెట్టెల మీదా కనిపిస్తే అది లాట్ నంబరు, ఒకే దఫాలో వచ్చిన సరుకుకు గుర్తు. ఇందులో ఆలోచించవలసింది ఏముంది? ఒక పాత డైరీలో రాసుకున్నాను: లాట్ నంబర్ 45. రికార్డులు పదకొండు. పాటలు, రెండు వైపులా కలిపి, ఇరవై రెండు. తరుగు లేదు.

రికార్డులు తిప్పే పెట్టె మాకు లేదు. మేడ మీద ఉండే ఇంటి యజమానికి ఉంది. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. చర్చికి ఒక్క ఆదివారం కూడా తప్పని మనిషి. అందరూ గార్డు గారనే పిలిచేవారు. ఆయన నన్ను టాలీ అనేవారు. వాళ్ళావిడ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆవిడ ఉన్నంతకాలం మేడ మెట్లు దిగుతుంటే ఎవరో గోళీలు జార్చినట్టుండేది, అంత వేగం. చర్చిలో అందరూ రెండో చరణంలో ఉండగా ఆవిడ మూడోది అందుకునేదట. ఎవరైనా వారిస్తే, "మీరు రండి, నాను ముందు ఎల్తన్నాను" అనేదట.

గార్డు గారి పెట్టెకు, ప్లేటు తిరిగే వేగం మార్చడానికి, పక్కన ఒక మీట ఉంది. దాని చుట్టూ రాసిన అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. ఆయన ఊరుకోకుండా ఆ మీటను కదుపుతుంటే భార్య విసుగెత్తి, తన పెద్ద భక్తిగీతాల రికార్డు సరిగ్గా పాడే చోట దాన్ని నీలం రిబ్బనుతో కట్టేసింది. ఆవిడ పోయాక ఆ ముడి మీద ఆయన ఈగను కూడా వాలనిచ్చేవారు కాదు.

"పెట్టి వాడుకోవోయ్ టాలీ. రిబ్బను ముట్టుకోకు," అన్నారు.

నేను పాత హవాయి చెప్పు రబ్బరుని అంగుళన్నర బిళ్ళగా కోసి, సరిగ్గా నడిమధ్యన కన్నం పెట్టి, రికార్డులో ఇరికించాను. ముల్లు ఆనగానే పాట మొదలైంది. నూతిలోంచి వస్తున్నట్టు లోతైన మగ గొంతు. వెనకాల తాపీగా, శవపేటికకు మేకులు కొడుతున్నట్టు ఒక దెబ్బ తర్వాత ఒక దెబ్బ. మధ్యమధ్య ఆ మనిషికి ఎక్కిళ్ళు. గార్డు గారికి వచ్చిన ఇంగ్లీషు రైల్వే ఇంగ్లీషు. చెవి దగ్గరగా పెట్టి రెండు మాటలు పట్టుకున్నారు: ట్రెయిన్, బేబీ.

"బిడ్డ పోయినట్టుందోయ్ పాపం," అన్నారు. "రైలు కింద పడిపోయిందో ఏటో. ఎక్కెక్కి ఏడుస్తన్నాడు సూడు."

కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. నేనూ చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాను.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆయన చర్చినుంచి వచ్చాక మేడ మీద మా ఇద్దరి ఏడుపు. కొన్ని పాటల్లో తీగ మీద ఏదో జారుతూ మూలిగేది. అది వింటే పొలం అమ్ముకున్నవాడు గట్టు మీద కూర్చున్నట్టుండేది. అలాంటి వాటిని కంట్రీ పాటలంటారనీ, ఆ మేకుల దెబ్బల పాటలకు రాకబిల్లీ అని పేరనీ చాలా ఏళ్ళ తర్వాత ఒక ఓడ రేడియో ఆఫీసరు చెప్పాడు. మేము మాత్రం రెండూ కలిపి దుఃఖం అనుకున్నాం. నా డైరీలో ఇరవై రెండు పాటలకూ వరసలు గీశాను. మగ గొంతులు ఇరవై రెండు, ఆడ గొంతులు సున్నా. ఎక్కిళ్ళు, పాటకు సగటున తొమ్మిది.

మా ఆవిడ అనేది: "ఆరు రోజులు బస్తాలు లెక్కెడతారు, ఏడో రోజు ఏడుపులు లెక్కెడతారు. మీకు సెలవన్నదే లేదేటండీ?"

భార్య పోయి ఏడాది నిండే ముందు గార్డు గారు జ్ఞాపకార్థ కూడిక తలపెట్టారు. బైబిలు వాక్యం చెప్పడం అయ్యాక మా మొదటి పాట, ఆ బిడ్డ పోయిన పాట, వేయాలని నిర్ణయించారు. పాస్టరు అయ్యగారికీ చెప్పేశారు. మేడ మీదికి అరవై మంది వస్తారు. "ఆవిడ పేరున జరిగే పని. ఏ తప్పూ రాకూడదు టాలీ. నీ మీదే ఒదిలీసాను," అన్నారు. ఆయన కార్యక్రమాన్ని కూడా రైల్వే టైంటేబుల్‌లాగే రాశారు. ప్రార్థన అయిదు నిమిషాలు, వాక్యం ఇరవై.

"పాటెంతోయ్?"

రికార్డు మీద చూశాను. "రెండు నిమిషాల ఇరవై సెకన్లండి."

"కాయితం మీదున్నది కాదు. బండి ఎప్పుడొచ్చిందో వాచీ సెప్పాలి." ఆయన తన గొలుసు వాచీ నా చేతిలో పెట్టారు.

కూడిక రేపనగా, శనివారం ఉదయం, వాచీ పట్టుకుని పాట విన్నాను. మూడు నిమిషాల తొమ్మిది సెకన్లు. మళ్ళీ విన్నాను. అంతే. కాగితం మీద రాసినదాని కన్నా ఎక్కువ సరుకు దిగడం! నా సర్వీసులో అలాంటి ఓడను చూడలేదు. ఎప్పుడూ తక్కువే దిగుతుంది. ఇంకో మూడు రికార్డులు చూశాను. అన్నీ ఎక్కువే, అన్నీ ఒకే నిష్పత్తిలో ఎక్కువ. నూట ఎనభై తొమ్మిదిని నూట నలభైతో భాగిస్తే ఒకటి పాయింటు మూడు అయిదు. పొరపాటైతే తలా ఒక రకంగా ఉండాలి. అందరూ ఒకే రకంగా తప్పితే తప్పు అవతల లేదన్నమాట.

రికార్డు అంచున ఒక అన్నం మెతుకు అంటించి, నిమిషంలో ఎన్నిసార్లు తిరుగుతుందో గీతలు గీశాను. అయిదేసి గీతల కట్టలు ఆరు, పైన మూడు, ఇంకో మూడోవంతు. ముప్ఫై మూడుంబావు కన్నా కాస్త ఎక్కువ. దాన్ని ఒకటి పాయింటు మూడు అయిదుతో హెచ్చవేశాను. నలభై అయిదు వచ్చింది.

పైనుంచి కిందికి, కిందినుంచి పైకి సరిచూసుకున్నాను. నలభై అయిదే. అది లాట్ నంబరు కాదు. నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పాలో తయారుచేసినవాళ్ళు ప్రతి రికార్డు మీదా ముద్రేసి మరీ చెప్పారు.

కిందికి దిగివస్తే మా ఆవిడ నా ముఖం చూసి, "ఏటండీ, ఎవరైనా పోయారేటి?" అంది.

"లేదు. ఎవరూ పోలేదని ఇప్పుడే తెలిసింది."

చెప్పకుండా ఊరుకోవచ్చు. కానీ రేపు వచ్చే అరవై మందిలో ఇంగ్లీషు తెలిసిన టీచరమ్మలు ఉంటారు. వాళ్ళు నవ్వితే నవ్వు నా మీద పడదు, పోయినావిడ మీద పడుతుంది. మళ్ళీ మెట్లెక్కి, లెక్క కాగితం గార్డు గారి ముందు పెట్టాను. చదివాక ఆయన చూపు కాగితం మీద ఆగలేదు. నీలం రిబ్బను మీదికి వెళ్ళింది.

"అయితే ఆవిడ కట్టిన ముడి ఇప్పీమంటావు."

"ఆవిడ రికార్డుకి ఆ ముడి సరైందేనండి. దీనికే కాదు."

"ఏడాదైంది టాలీ. ఎవర్నీ ముట్టనియ్యలేదు."

నాకు తెలిసింది లెక్కే. "నూట నలభై సెకన్ల ప్రయాణమండి. ప్రతిసారీ నలభై తొమ్మిది సెకన్లు లేటొస్తంది. మీరు గార్డుగా ఉండగా..."

"లేటా?" ఆయన నిటారుగా కూర్చున్నారు. "నా బండి?"

ముడి ఆయనే విప్పారు. గోళ్ళు కత్తిరించుకున్న వేళ్ళతో చాలాసేపు పట్టింది. రిబ్బను మడిచి జేబులో పెట్టుకున్నారు. మీట జరిపి, మెతుకును మళ్ళీ లెక్కపెట్టి, నలభై అయిదు వచ్చాక నేను ముల్లు దించాను.

నూతిలోని పెద్దమనిషి మాయమయ్యాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడెవడో గది మధ్యకి దూకాడు. మేకుల దెబ్బలన్నీ గుర్రపు పరుగైపోయాయి. గిటారు పట్టాల మీద రైలులా గడగడలాడింది. ఎక్కిళ్ళు ఇప్పుడు ఏడుపులా లేవు. తన హుషారు తనే పట్టలేక గొంతు గెంతులేస్తున్నట్టున్నాయి.

పాట ఆగాక గార్డు గారు పెట్టె వైపు వంగారు.

"ఈడు ఏడవట్లేదోయ్."

"లేదండి."

"బిడ్డ పోలేదా?"

"పోయినట్టు లేదండి."

"నాలుగు నెల్లనుంచీ ఏడుస్తన్నాం కదా మనం?"

తప్పు నాదే కాబట్టి నేలచూపు చూశాను. అక్కడ ఆయన చెప్పులోని బొటనవేలు, పాట ఆగినా, ఇంకా తాళానికి ఆడుతోంది. "పెళ్ళయిన కొత్తలో," అన్నారు, "బండి పూర్తిగా ఆగకుండానే దిగీసేది. నాను గార్డుని, నా పెళ్ళామే అలా దిగితే ఏటని తిట్టీవాణ్ణి. ఇలాగే నవ్వీది." రిబ్బనున్న జేబు తడిమి, "రేపు ఇదే. ఈ స్పీడే."

"అయ్యగారు?"

"పాటేత్తానని సెప్పాను. ఎంత స్పీడులో ఏత్తానో సెప్పలేదు కదా."

ఆదివారం కూడికలో వాక్యం అయ్యాక నేను ముల్లు దించాను. మొదటి పది సెకన్లూ వచ్చినవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. భోజనానికి పిలిచిన మా బావ వెనకనుంచి గట్టిగా, "బావా, నా పళ్ళేలేనా ఇయ్యి?" అన్నాడు. ఎవరో "ఉష్" అన్నారు. ఇంగ్లీషు టీచరమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు ముందు వరసలో, చర్చిలో గార్డు గారి భార్య పక్కనే నిలబడి నలభై ఏళ్ళు పాడిన ముసలమ్మ కళ్ళ నీళ్ళతో పగలబడి నవ్వింది.

"మా ఒదినే! నిల్సోమంటే నిల్సుందేటి ఎప్పుడైనా?"

ఆ తర్వాత ఎవరూ ఆపుకోలేదు. అయ్యగారు కళ్ళు మూసుకుని భక్తిగానే కూర్చున్నారు గాని, బైబిలు అట్ట మీద ఆయన వేలు తాళం తప్పలేదు. నేను లెక్కపెట్టాను. పాట ఆగగానే గార్డు గారు వాచీ మూత టక్కున మూసి, ఎవరికో జెండా ఊపుతున్నట్టు చెయ్యెత్తారు.

"రైట్ టైం."

ఆ సాయంత్రం డైరీ సరిదిద్దాను. మగ గొంతులు పదిహేను, ఆడ గొంతులు ఏడు. మీసాలున్నాయనుకున్న ఏడుగురు గాయకులు ఆడవాళ్ళని తేలింది. లాట్ నంబరు కొట్టేశాను. గార్డు గారు జేబులోంచి రిబ్బను తీసి మీటను కొత్త చోట కట్టారు. అలా కడితే ఆవిడ పెద్ద రికార్డు వేగం తప్పుతుందని, ఏది ఎంత వేగంలో తిప్పాలో ఒక పట్టిక రాసిస్తాననీ చెప్పాను. అక్కర్లేదన్నారు.

మరుసటి ఆదివారం కింద మా అరుగు మీద కూర్చుని విన్నాను. మేడ మీద ఆవిడ భక్తిగీతాల రికార్డు తిరుగుతోంది. గంభీరంగా పాడవలసిన గాయకబృందం మొత్తం చిలకల్లా కీచుగా, ఏదో బండి అందుకోవాలన్నట్టు చరణాల మీద చరణాలు పరిగెత్తిస్తోంది. నిమిషానికి దాదాపు పన్నెండు చుట్లు ఎక్కువ. పైకి వెళ్ళి చెప్పబోతుంటే, ఆయనే మేడ అంచునుంచి వంగి అన్నారు:

"ఇప్పటికి అందరూ ఆవిడ్ని అందుకున్నారోయ్ టాలీ."