జానెడు ఎక్కువైన బొమ్మ

మా పెద్దమ్మ రంగూను నుంచి నడిచి వచ్చింది. పోయేటప్పుడు మాత్రం పెదనాయనతో కలిసి ఓడలో పోయింది. బర్మా దొరలదే, మనమూ దొరలవాళ్ళమే, కాబట్టి అది పరాయి దేశం కాదని చెప్పి కూలీలను పోగేసే మేస్త్రీ తీసుకుపోయాడట. జపానువాళ్ళ బాంబులు పడ్డాక దొరలకు ఓడలో చోటు దొరికింది, మనవాళ్ళకు అడవిదారి దొరికింది. రాజ్యం ఒకటే గానీ టిక్కెట్లు వేరు.

రాచర్ల దగ్గరి మా ఊరికి ఆమె ఒక్కతే చేరింది. గడపలోనే మా అవ్వ "నా కొడుకేడే?" అని అడిగింది. "ఎనక వస్తాండాడు అత్తా" అన్నది పెద్దమ్మ. ఆ వెనక నుంచి పెదనాయన పన్నెండేళ్ళు వస్తూనే ఉన్నాడు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో అవ్వ పోయింది. పన్నెండేళ్ళు జాడలేని మనిషికి గడ్డిబొమ్మ చేసి, దాన్ని కాల్చి కర్మ జరపడం ఆచారం. అవ్వ ఉన్నన్నాళ్ళు ఆ మాట ఎత్తినవాళ్ళ మీదికి చెంబు విసిరేది. ఇప్పుడు విసిరేవాళ్ళు లేరు. నాయన, చిన్నాయన కలిసి అయ్యవారితో రోజు పెట్టించారు. బొమ్మ లేచిందంటే పెద్దమ్మ గాజులు పగలగొట్టాలి, బొట్టు చెరపాలి. ఆమె ఔననలేదు, కాదనలేదు. "నా చెయ్యి మాత్రం ఎవరూ ముట్టుకోబాకండి" అన్నది. వారం రోజులు ఆ మాట మింగుడుపడక ఇంట్లో అందరూ గోడలతో మాట్లాడారు.

కర్మ రోజు పొద్దున గాజులు పగలగొట్టడానికి పిలిపించిన ముసలామె, ఒళ్ళో రాయి పెట్టుకొని పెద్దమ్మ పక్కనే కూర్చుంది. బొమ్మ కట్టే పని నాకు పడింది.

"మనిషంత ఉండాల" అన్నాడు అయ్యవారు.

"ఎంత మనిషి?" అన్నాను.

"నా అంత" అన్నాడు నాయన.

"ఏంది, నీ అంతనా? అన్నకు దూలం తలకు తగిలేది" అన్నాడు చిన్నాయన.

"నువ్వప్పుడు నా మోకాలంత. నీకు గొర్రెపిల్ల గూడా ఎద్దే."

ఇద్దరి గొంతులూ లేచాయి. నాకు నోరు ఊరుకోదు. "కొట్లాట ఎందుకు నాయనా, ఇంకో జానెడు కలుపుతా. రంగూను నీళ్ళకు పెరిగుంటాడులే" అని కలిపాను కూడా.

ఒకరిద్దరు నవ్వారు. పెద్దమ్మ లేచి నిలబడింది. ముసలామె రాయి పట్టుకుంది.

"అంత లేడు" అన్నది పెద్దమ్మ.

"ఏంది వదినా?"

"అంత పొడుగు లేడు. ఆ అడివిలో పండబెట్టింది నేను. తలకాడ్నించి కాళ్ళ దాకా రాళ్ళు పేర్చింది నేను. నాకు తెల్దా?"

నాయన గడ్డిమోపు మీదనే కూలబడ్డాడు. "ఎనక వస్తాండాడంటివే" అన్నాడు, కోపంగా అనబోయి అనలేక.

"మీయమ్మ గడపలో నిలబడుండె. నన్నేం చెప్పమంటావ్? నా గాజులు ఆ రాళ్ళ మీదనే పగలగొట్టుకున్నా. ఇవి కలకత్తాలో రైలెక్కే ముందర ఏసుకున్నవి. మీయమ్మ కోసరం."

నా దగ్గర ఎప్పుడూ ఒక మాట సిద్ధంగా ఉంటుంది. ఆ పూట కొడవలి ఉంది. ఆమె చెయ్యి చాపితే అదే ఇచ్చాను. బొమ్మ పక్కన కూర్చొని, కాళ్ళవైపు నేను కలిపిన జానెడు, ఆ పైన ఇంకో నాలుగు వేళ్ళు కోసి పారేసింది. కొసలు గట్టిగా కట్టింది. తర్వాత చేతికున్న రెండు గాజులూ తనే తీసింది.

"రాయి పక్కన పెట్టు పిన్నమ్మా" అన్నది.

"మరి ఆచారం?" అన్నది ముసలామె.

"అది అయిపోయి పన్నెండేళ్ళు."

గాజులు తీసుకుపోయి అవ్వ కుంకుమ భరిణె ఉండే గూట్లో పెట్టింది. నాయన తలవైపు, చిన్నాయన కాళ్ళవైపు బొమ్మను ఎత్తారు. దాని పొడుగు గురించి ఇద్దరూ మళ్ళీ నోరెత్తలేదు.