రెండో వైపు మూడో పాటలో మా మామ గిటారు

నిన్న తిరుత్తణి కొండ కింద, పాత గడియారాలు అమ్మే బండి మీద మా శేఖర్ మామ కనిపించాడు. క్యాసెట్ అట్ట మీద, బెల్‌బాటం ప్యాంటు వేసుకుని, గిటారు పట్టుకుని. అప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

ఆరో క్లాసు మిత్రులారా, గుర్తుందా? ఆర్.కె.పేట పెళ్ళిళ్ళలో మామ గిటారు మీటితే భోజనానికి ఆకుల ముందు కూర్చున్నవాళ్ళు కూడా లేచి వచ్చేవాళ్ళు. అట్ట మీద మామ ఉన్న ఆ మురుగన్ పాటల క్యాసెట్‌లో గిటారు ఆయనదేనని చెప్పే, దాన్ని మీ అందరిచేతా కొనిపించాను.

మా ఇంట్లో రెండు వైపులా విన్నాను. హార్మోనియం, నాదస్వరం, మళ్ళీ హార్మోనియం. పెన్సిలు దూర్చి వెనక్కి తిప్పి, వాకిట్లోకీ లోపలికీ తిరుగుతూ మళ్ళీ విన్నాను. గిటారు లేదు.

మామ వచ్చినప్పుడు అడిగితే తల ఎత్తలేదు.

"సుమ్మా, ఊరికే ఫోటోకు పిలిచినార్రా, వాయించేదానికి కాదు. ఎవురికీ చెప్పొద్దు."

మరునాడు బడిలో మీరు నన్ను చుట్టుముట్టారు.

"యాడరా మీ మామ వాయించినాడు?"

"రెండో వైపు, మూడో పాట. చెవి పెట్టి వినాల," అన్నాను.

తర్వాతి రోజు మీరు ఒక్కొక్కరే వచ్చి చెప్పారు.

"విన్నామప్పా. ఏం వాయించినాడప్పా మీ మామ."

ఇన్నేళ్ళుగా అడగలేకపోయాను. నేనంటే మామ పరువు కోసం అబద్ధం ఆడాను. మీరెందుకు ఆడారు?