ఫైనిప్పోస్ చేతిలో లేనివి

ఏం జరిగినా ఫైనిప్పోస్‌ది ఒకటే మాట: "అది మన చేతిలో లేదు." ఏథెన్స్ సంతలో, గోడల మీద వీరుల బొమ్మలు గీసిన వసారా కింద శిష్యులకి తత్వం చెప్పే ఆయన ఆ మాట అనని పూట లేదు. పక్కనే చెప్పులు కుట్టుకునే నాకు ఒళ్లు మండని పూటా లేదు.

ఒకసారి ఆయన భార్య క్లెయిటో వసారాకే వచ్చేసింది.

"ఇల్లు కారుతోంది."

"వాన మన చేతిలో లేదు."

"నిచ్చెనో?"

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "అది ఉంది," అని ఒప్పుకుని, శిష్యుల్ని అక్కడే వదిలేసి వెళ్లి కప్పెక్కాడు.

ఇంకోసారి ఒంటి చెప్పుతో కుంటుకుంటూ వచ్చాడు. రెండోది కుక్క ఎత్తుకుపోయిందట.

"తరమలేదా అయ్యా?"

"కుక్క బుద్ధి మన చేతిలో లేదు ఓనాసా."

కొత్తది కుడతానంటే వద్దన్నాడు. చెప్పు లేకపోవడం చెడు కాదట, చెడ్డవాడు కావడమే చెడట. ఆ తత్వం వినలేక నేను మేకుల మీద సుత్తి గట్టిగా వేసేవాణ్ని. ఆయన అంతకంటే గట్టిగా చెప్పేవాడు.

ఆ ఏడు ఆలివ్‌లు రాల్చే రోజుల్లో నా పూచీదారు జ్వరంతో పోయాడు. నాలాంటి సైప్రస్ వాడు ఈ ఊళ్లో బతకాలంటే ఊరివాడొకడు పూచీ ఉండాలి. లేడని రుజువైతే బానిసల సంతలో అమ్మేస్తారు. నా బల్ల మీద పడే నీడ మీద ఎప్పటినుంచో కన్నేసిన దినియాస్, పరదేశుల అధికారి దగ్గర ఫిర్యాదు పెట్టాడు. వాడూ చెప్పులవాడే. నేను ఫైనిప్పోస్ దగ్గరికి పరిగెత్తాను.

"అయ్యా, దినియాస్ నన్ను అమ్మించేస్తున్నాడు."

"వాడి నోరు మన చేతిలో లేదు."

"నన్ను వేలం వేస్తారయ్యా."

"వేస్తే వేయనీ. వాళ్లు కొనేది వీపుని. బుద్ధిని కొనేవాడు ఇంకా పుట్టలేదు."

"ఆ వీపు నాది."

"ఉంటే మంచిదే. పోయినా నువ్వు నువ్వే."

చేతిలో ఉన్న చెప్పు నేలకేసి కొట్టాను. గోడ మీది వీరుల బొమ్మల కింద, చల్లటి నీడలో కూర్చుని సంకెళ్లు ఒక లెక్కా అనడం ఎంత తేలిక. సంకెల పడే కాలు ఆయనది కాదుగా. చదువు ఇలా మనిషిని మొద్దుబారుస్తుందంటే, నేను నూనె జాడీల మీది రాతలు చూసి అక్షరాలు నేర్చుకున్నందుకు సిగ్గుపడాలి.

"నువ్వు మనిషివి కాదు ముసలాడా. రాయివి."

"రాయికి కోపం రాదు," అన్నాడు మెచ్చుకోలుగా. ఆ చెప్పు తీసి, దుమ్ము దులిపి బల్ల మీద పెట్టాడు.

విచారణ రోజు ఒక్కణ్నే వెళ్లాను. ఎవరినీ పిలవలేదు.

"నీకు పూచీ ఎవరు?" అన్నాడు అధికారి.

దినియాస్ పళ్లు బయటపెట్టాడు.

"నేను," అంది వెనకనుంచి ఒక గొంతు. చూస్తే ఒంటి చెప్పు.

"ఎప్పటినుంచి?"

"పాత పూచీదారు చితి ఆరిన మర్నాడు వచ్చి మీ గుమాస్తాతో చెప్పాను. సాక్షులు కూడా ఉన్నారు."

గుమాస్తా అవునని తలూపాడు. అంటే దినియాస్ ఫిర్యాదుకి ముందే, నేను వెళ్లి ఏడవడానికి ముందే. నా రక్తం సలసలా మరిగింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడిగింది దినియాస్ సంగతి. పూచీ సంగతి అడగలేదు."

ఇంతలో దినియాస్ గొణిగాడు, "పరదేశి కుక్కకి పిచ్చి వసారావాడు తోడు."

అప్పుడు ఫైనిప్పోస్ అరిచాడు. కప్పు మీది పావురాలన్నీ లేచిపోయాయి.

"ఒరే దినియాస్, జానెడు నీడ కోసం మనిషిని అమ్ముకుంటావురా? సిగ్గుందట్రా నీకు? పుట్టుకన్నది వాడి చేతిలో ఉందా, నీ చేతిలో ఉందా?"

అధికారి కూడా కుర్చీలో వెనక్కి జరిగాడు. దినియాస్ ఎటు పోయాడో ఎవరూ చూడలేదు. ఫిర్యాదు కొట్టేశారు.

తిరిగి వచ్చాక ఆయన్ని నా బల్ల మీద కూర్చోబెట్టాను. కొత్త చెప్పుకి కొలత తీయాలి. నాకింకా కోపం దిగలేదు.

"మీకు కోపం వచ్చింది," అన్నాను.

"రాలేదు."

"ముఖం దానిమ్మపండులా ఉంది."

"రక్తం ముఖంలోకి ఎక్కడం మన చేతిలో లేదు."

"కాలు వణుకుతోంది."

"అదీ అంతే."

వణుకు ఆగేదాకా ఆ కాలు పట్టుకున్నాను. అవతల, మొదటి చెప్పు ఎత్తుకుపోయిన కుక్క మిగిలిన చెప్పు వైపే చూస్తూ కూర్చుంది.