అక్క కాగితాలు

పదో తరగతి నన్ను దాటనివ్వలేదు. నాకంటూ ఒక్క సర్టిఫికెట్ లేదు కాబట్టి, బోయిగూడలో జిరాక్స్ షాపు పెట్టి, ఊళ్లోవాళ్ల సర్టిఫికెట్లకు కవలల్ని పుట్టిస్తూ బతుకుతున్నాను.

మా గల్లీలో ఉండే ఒక అక్క దుబాయ్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి బయలుదేరింది. భర్తకు సెలవు దొరకలేదు, వెంట ఐదేళ్ల కూతురు మాత్రమే. పాస్‌పోర్టులో ఆమెది పుట్టింటి పేరు, పాపది నాన్న ఇంటిపేరు. ‘ఈ బిడ్డ నీదేనా?’ అని ఎయిర్‌పోర్టులో ఆపేస్తారని ఆమె భయం. పుట్టిన సర్టిఫికెట్, పాపను తీసుకెళ్లడానికి భర్త నోటరీ చేయించి ఇచ్చిన అనుమతి కాగితం, అన్నిటికీ కాపీలు తీయించి, వెళ్లినట్టే వెళ్లి మళ్లీ వచ్చేది.

“ఇదొక్కటి సుత తియ్యి తమ్మీ, ఉంటే ఏం పోతది?”

చివరికి పెళ్లి ఫొటో కూడా తెచ్చింది.

“పెండ్లిల వంట చేసినోళ్లను సుత తీస్కపో అక్కా, సాక్ష్యం చెప్తరు” అన్నాను. ఆమె నవ్వి ఇంకో కాపీ అడిగింది.

తిరిగొచ్చాక నాకు ఖర్జూరాలు తెచ్చింది.

“గన్ని కాగితాల్ల ఒక్కటన్న చూసిండ్రా అక్కా?” అని గెలికాను.

“‘ఈమె ఎవరు పాపా?’ అని ఆఫీసర్ అడిగిండు. చిప్స్ కొనియ్యలేదని అలిగి, అది ‘తెల్వదు’ అన్నది. నేను అమ్మనని నా బిడ్డ చెప్పలే తమ్మీ, నువ్వు నవ్విన కాగితాలే చెప్పినయ్.”